ఉబుంటువా, మింటా?

అల్లుడు గారికి మామయ్య ఆనందంతో ఉక్కిరిబిక్కిరవుతూ రాస్తున్నది.

ఆదివారం వచ్చి నా పాత కంప్యూటర్‌లో ఏదో ఒక సిస్టమ్ పది నిమిషాల్లో ఎక్కించేస్తానన్నారు. ఏది ఎక్కించాలో నాకే అయోమయంగా ఉంది బాబూ. పెద్దమ్మాయి ఉబుంటు అనే సిస్టమ్ ఉన్న పెన్‌డ్రైవ్ పంపింది. మీ ఆవిడ మింట్ అనే ఇంకోటి పంపింది. రెండూ ఉచితమేనట! రెండూ పెట్టి చూశాను, రెండూ బాగున్నాయి. ఆ మాట ఫోన్‌లో చెప్పానో లేదో, మీ ఆవిడ ఉండబట్టలేక వాళ్ళక్కను కూడా ఫోన్ కాల్‌లోకి లాగింది. రెండేళ్ళుగా ఉప్పూ నిప్పూగా ఉన్నవాళ్ళు!

"ఆ ముసలి కంప్యూటర్‌కి ఉబుంటు అంత బరువా అక్కా? నీ తలకాయ!" అని చిన్నది.

"చిక్కొస్తే అడగడానికి అది వాడేవాళ్ళు నలుగురుండాలి కదే, మొద్దూ!" అని పెద్దది.

గంటసేపు పోట్లాడుకుని, చివరికి పగలబడి నవ్వారు. నేను లైన్‌లో ఉన్న సంగతే మరిచిపోయారు. నేను ఫోన్ పెట్టేయకుండా వింటూ కూర్చున్నాను.

నాన్న ఇంకా తేల్చుకోలేదు కనుక శనివారం మళ్ళీ మాట్లాడుకుంటారట. అందుకని, ఏమీ అనుకోకుండా ఆదివారం భోజనానికి రండి. కంప్యూటర్ జోలికి మాత్రం వెళ్ళకండి.

ఇట్లు,
తికమకలో హాయిగా ఉన్న మీ మామయ్య