నాలుగో కాగితం

14 జూన్ 2022, మంగళవారం

మధ్యాహ్నం రెండుంబావుకు మనవడు పుట్టాడు. భివండి పద్మనగర్ నర్సింగ్ హోంలో, నార్మల్. తొలి కాన్పు పుట్టింటి వాళ్లదే కాబట్టి ఆటో నాది, ఆస్పత్రి నాది, అందరికీ చాయ్ నాది. అల్లుడు నాగేష్ నార్పోలి మరమగ్గాల నుంచి, అదే సాంచాల నుంచి, తల నిండా దూదితో వచ్చాడు. కొడుకుని ఒక్క నిమిషం చూసుకుని మళ్లీ షిఫ్టుకి పోయాడు.

చాయ్ బండి దగ్గర నలుగురికి పిల్లవాడు ఐదు కిలోలని చెప్పాను. నమ్మారు. తర్వాత వచ్చిన ముగ్గురికి రెండు పళ్లతో పుట్టాడన్నాను. అదీ నమ్మారు. ఒకడైతే పళ్లు చూడ్డానికి వార్డులోకే వచ్చాడు. నా భార్య ఓదెమ్మ విని, పుట్టి పొద్దన్న గూకలే, పిలగాని మీద గూడ నీ అబద్ధాలేనా, నీ నోట్లె మన్నువడ అని తిట్టింది. యాభై రెండేళ్లొచ్చాయి. ఇంకేం మారతాను.

16 జూన్, గురువారం

డిశ్చార్జ్. వరండాలో ముగ్గురు నిండు గర్భిణులు బెడ్ కోసం కూర్చున్నారు. మమ్మల్ని ఎప్పుడు సాగనంపుదామా అని సిస్టర్ల చూపు.

పిల్లవాడి మొహం నిన్న సాయంత్రం నుంచే పచ్చబడింది. ఓదెమ్మ రెండుసార్లు అడిగింది, ఏందమ్మా పిలగాడు గింత పచ్చగున్నడు అని. అందరు పిల్లలకూ వస్తుంది, పొద్దున ఎండ చూపించండి అన్నది సిస్టర్. డాక్టరమ్మ గుమ్మంలో నిలబడి సబ్ ఠీక్? అని అడిగి జవాబు వినకుండానే పోయింది. రక్తం తీయలేదు, పరీక్ష చేయలేదు.

తర్వాత సిస్టర్ నాలుగు కాగితాలు తెచ్చి, కాకా, సహీ కరా, సంతకం పెట్టండి అంది. నేను ఏడో క్లాసు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటాను కానీ అర్థం తెలియదు. మొదటి మూడింటి మీద నా పేరే రాశాను. నాలుగోదాని మీద పైన నాలుగు లైన్ల అచ్చు, కింద అంతా ఖాళీ. నా కూతురు అనిత పొద్దుటి నుంచి కుట్ల నొప్పితో ఏడుస్తోంది. దాని ఏడుపు చూసి ఆ నాలుగో కాగితం మీద మా యజమాని కాశీనాథ్ సేఠ్ సంతకం కొట్టాను. ఇంగ్లీషులో, మొదటి అక్షరానికి పొడుగు తోక, కింద రెండు గీతలు. కార్ఖానాలో గేట్‌పాసుల మీద చూసి చూసి నేర్చుకున్నది. సేఠ్‌కే తేడా తెలియదు.

అనిత చూసింది. పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వియ్యకు బాపూ, కుట్లు గుంజుతున్నయ్ అన్నది. మూడు రోజుల్లో అదే మొదటి నవ్వు. సిస్టర్ కాగితాల వంక చూడకుండా ఫైల్లో పెట్టేసింది.

18 జూన్, శనివారం

పచ్చదనం పాదాల దాకా దిగింది. నర్సింగ్ హోంకు రెండుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లూ ఎండ చూపించమన్నారు. జూన్‌లో భివండిలో ఎండెక్కడిది? రెండు రోజులుగా ముసురు. ఓదెమ్మ పిల్లవాణ్ణి తువ్వాల్లో చుట్టుకుని మా చాల్ బిల్డింగు డాబా మీద నిలబడింది, మబ్బు ఎప్పుడు విడుస్తుందా అని. తొమ్మిదింటికి ఒక్క నిమిషం విడిచింది. గబగబా బట్ట తీసి చూపించింది. మళ్లీ మూసుకుంది.

19 జూన్, ఆదివారం

పాలు పట్టడం లేదు. ఏడుపు మారిపోయింది, సన్నగా, రేకు మీద మేకుతో గీసినట్టు. వీపు వెనక్కి వంచేశాడు. ఎంత సర్దినా సాపుగా పడుకోడు. నర్సింగ్ హోంకు ఎత్తుకుపోతే ఆదివారం డాక్టర్ ఉండదన్నారు. ఆటోలో థానే, అక్కడినుంచి అంబులెన్సులో ముంబై.

అక్కడి పెద్ద డాక్టర్ రిపోర్టు చూసి, ఇన్ని రోజులు ఎక్కడున్నారు అని అడిగాడు. నేను మాట కోసం వెతుక్కోవడం అనిత ఇదే మొదటిసారి చూడ్డం. తల్లి రక్తం ఒక గ్రూపు, పిల్లవాడిది ఇంకొకటి, అందుకే కామెర్లు ఇంతలా పెరిగాయట. రెండో రోజే రక్తం చూసి నీలం లైటు కింద పెట్టి ఉంటే సరిపోయేదట. ఇప్పుడు ఒంట్లో రక్తమంతా మార్చాలట. కామెర్లు మెదడుకు ఎక్కాయట.

27 జూన్

బతికాడు.

11 మార్చి 2023

సిద్ధార్థ అని పేరు పెట్టాం. తొమ్మిది నెలలు, తల్లీబిడ్డలు ఇంకా మా దగ్గరే. మెడ నిలవదు. కళ్లు పైకి పోతాయి. చెవి డాక్టర్ మిషన్ పెట్టి చూసి, వినబడదన్నాడు. నేను నమ్మలేదు. ఇంటికొచ్చాక చెవి దగ్గర స్టీలు పళ్లెం మీద గరిటెతో కొట్టాను. పక్క గది వాళ్లు లేచి వచ్చారు. వాడు కదల్లేదు.

ఫిజియో మేడం వారానికి ఆరు రోజులు కాళ్లూ చేతులూ సాగదీయించాలంది. లేకపోతే బిగుసుకుపోతాయట, తర్వాత దేవుడొచ్చినా తెరవలేడట. నాగేష్ సంపాదనతో నెలకు రెండుసార్లు కూడా కుదరడం లేదు.

7 ఆగస్టు 2023

కేసు వేశాం. థానేలో కన్స్యూమర్ కోర్టు. వకీలు శ్రీదేవి మన పద్మనగర్ పిల్లే. గెలిస్తే పిల్లవాడి వైద్యం జీవితాంతం నడుస్తుంది, ఓడితే ఏమీ లేదు, తెలుసు కదా అని అడిగింది. అనిత తెలుసన్నది. వాడు ఒళ్లో వంకరగా పడుకుని ఉన్నాడు.

20 ఫిబ్రవరి 2024

నర్సింగ్ హోం జవాబు వచ్చింది. శ్రీదేవి అందరినీ పిలిచి ఒక జిరాక్సు ముందు పెట్టింది. నాలుగో కాగితం. నేను చూసినప్పుడు ఖాళీగా ఉన్నచోట ఇప్పుడు పెన్నుతో నిండా రాసి ఉంది. శిశువుకు కామెర్లున్నాయని చెప్పామట. లైటు కింద పెట్టాలన్నామట. బంధువులు ఒప్పుకోక తమ బాధ్యత మీద తీసుకుపోతున్నారట. కింద సంతకం.

గీ కాశీనాథ్ ఎవరు, మీ ఇంట్ల ఉన్నరా అని శ్రీదేవి అడిగింది. మామ పని చేసే సేఠ్ పేరు మేడం, గాయన ఆస్పత్రికెందుకొస్తడు అన్నాడు నాగేష్. శ్రీదేవి బల్ల మీద చరిచింది. ఇగ దొరికిండ్రు, దొంగ కాగితం వాళ్లే పుట్టిచ్చిండ్రు, నేనా సంతకం పెట్టలేదని తాత ఒక అఫిడవిట్ ఇస్తే చాలు అన్నది.

నేను నీళ్లు తాగాను. రెండు గ్లాసులు.

21 ఫిబ్రవరి

ఆ రాత వాళ్లదే. తర్వాత రాసుకున్నదే. దొంగలే. కానీ సంతకం నాది.

25 ఫిబ్రవరి, ఆదివారం

ఓదెమ్మ కూరగాయలకు పోయింది. అనిత పిల్లవాడికి చెంచాతో గంజి పోస్తోంది, ఒక్కో చెంచాకూ గొంతు నిమురుతూ. తలెత్తకుండానే, బాపూ నాకు యాదికున్నది అన్నది. ఏదని అడిగాను. నవ్విన గద నేను అన్నది.

అంటే మొన్న వకీలు ముందు అదీ నాలాగే ఊరుకుంది.

తర్వాత చెప్పింది, అరవకుండా. నేను పుట్టినకాన్నుంచి జూస్తున్న, సాంచాలోళ్లకు అబద్ధాలు జెప్పినవ్, అమ్మకు జెప్పినవ్, నా పెండ్లిల వియ్యపోళ్లకు గూడ జెప్పి నవ్విచ్చినవ్. నా కొడుకు కోసం ఒక్కటి జెప్పు. ఆ సంతకం నీది కాదను. గంతే.

సరే బిడ్డా అన్నాను.

2 మార్చి

అద్దం ముందు నిలబడి చెప్పి చూసుకున్నాను. ఆ సంతకం నాది కాదు సాబ్. బాగానే వచ్చింది. నాకు అబద్ధం రాకపోవడమేంటి.

పదింటికి కార్ఖానాలో బట్ట తాకాలు టెంపోలోకి ఎక్కించారు. సేఠ్ లేడు. టెంపో డ్రైవర్ భీమ్‌రావు గేటు దగ్గరినుంచే కేక వేశాడు, అరే సదానంద్, సేఠ్‌ది ఒక సహీ కొట్టు జల్దీ, బండి ఆగింది అని. సాంచాల దగ్గర ఇరవై మంది నవ్వారు. ఒకడు, సేఠ్ చచ్చినా ఫికర్ లేదు, సహీ బతికే ఉంటది అన్నాడు.

కొట్టలేదు. జ్వరమన్నాను. ఎవరూ నమ్మలేదు.

నర్సింగ్ హోం వకీలు మా కార్ఖానా దగ్గరికి వచ్చి ఒక్క కటింగ్ చాయ్ తాగితే చాలు. నా ఘనత మా సాంచాలవాళ్లే చెబుతారు, నవ్వుతూ, నామీది ప్రేమతో. తాత ఒక్కటి అబద్ధమాడాడంటే మనవడి కామెర్లూ అబద్ధమే అంటారు. అబద్ధం నిలబడాలంటే చెప్పేవాడు నమ్మకస్తుడై ఉండాలి. ఆ ఒక్కటే నేర్చుకోలేదు.

5 మార్చి

అనితకు చెప్పకుండా థానే పోయి శ్రీదేవికి అంతా చెప్పాను. ఆమె పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, గీ ముచ్చట నువ్వు మొదలే చెప్పాలె గదా అన్నా అంది. కాగితం ఖాళీగా ఉన్నదని, వేరే పేరు పెట్టింది నేనేనని అఫిడవిట్ రాయించింది. కింద సదానందం అని రాశాను. నోటరీ, మీ సంతకమేనా అని అడిగాడు.

ఇంటికొచ్చి అనితకు చెప్పాను. తిట్టలేదు. పిల్లవాడి బట్టలు, గంజి చెంచా సంచిలో పెట్టుకుంది. నాగేష్ వచ్చి ఇద్దరినీ నార్పోలి తీసుకుపోయాడు. ఓదెమ్మకూ చెప్పాల్సి వచ్చింది. ఆమె కూడా తిట్టలేదు.

14 ఆగస్టు 2024

కోర్టు. నర్సింగ్ హోం వకీలు మర్యాదగా అడిగాడు. ఈ సంతకం ఇప్పటిదాకా ఎన్నిసార్లు పెట్టి ఉంటారు? లెక్కలేదు. ఆస్పత్రిలో ఎవరైనా పెట్టమన్నారా? లేదు. అయితే ఆ రోజు ఎందుకు పెట్టారు?

నవ్వించడానికి అన్నాను.

టైపిస్టు ఆగి తలెత్తి చూసింది, సరిగ్గా విన్నానా అని. మళ్లీ చెప్పమన్నారు. చెప్పాను. వెనక బెంచీలో అనిత ఉంది. నేను తిరిగి చూడలేదు.

21 నవంబర్ 2025, శుక్రవారం

ఆర్డర్ వచ్చింది. శ్రీదేవి ఫోన్లో తెలుగులో చెప్పింది. పచ్చబడ్డ పిల్లవాణ్ణి పరీక్ష చేయకుండా పంపడం డాక్టర్ తప్పు. నాలుగో కాగితం మీది రాత నమ్మలేం. అక్కడిదాకా విని ఓదెమ్మ దండం పెట్టుకుంది.

ఇంకొక పేరా ఉందన్నా అంది శ్రీదేవి. చదవకుండా, ఇంకొకరి పేరుతో, పరాచికంగా సంతకం చేసిన తాత వల్ల ఇంటివాళ్లకూ తప్పులో వాటా ఉందట. అందుకని పరిహారంలో సగం కోసేశారు. అప్పీలుకు పోదామంది. మళ్ల రెండేండ్లా మేడం, పిలగాని కాళ్లు ఆగుతయా అన్నాడట నాగేష్.

నా వాటా సగం. ఆస్పత్రి మొత్తానికి ఎంతో, నా ఒక్కడికీ అంతే.

30 నవంబర్, ఆదివారం

నార్పోలి పోయాను. అనిత తలుపు తీసి పక్కకు జరిగింది. పిల్లవాడు చాప మీద ఉన్నాడు. మూడున్నరేళ్లు. మోకాళ్లు కత్తెరలా ఒకదాని మీదొకటి.

వచ్చినదాంతో ఫిజియో మేడం సోమ, బుధ, శుక్రవారాలు వస్తుందట. మిగతా మూడు రోజులు నేను చేస్తానన్నాను. అనిత నూనె గిన్నె తెచ్చి కింద పెట్టింది. నా చెయ్యి తీసి వాడి మోకాలి కింద ఉంచి, పైన తన చెయ్యి పెట్టి నొక్కింది. గింతనే, గట్టిగ వద్దు, ఇరవై సార్లు, ఏడుస్తడు, ఏడ్చినా ఆపద్దు అన్నది.

ఇరవై నెలల్లో నాతో అన్న మొదటి మాటలు ఇవే.

9 డిసెంబర్, మంగళవారం

ఎడమ కాలు ఇరవై.

కుడి కాలు పదకొండుకు ఏడ్చాడు.

పన్నెండు.