సింహద్వారం బయట నువ్వు కూర్చున్న చోటు

వదినా,

ఎలా ఉన్నావు అని రాసి కొట్టేశాను. ఆ ప్రశ్నకు జవాబు వచ్చే లోకమేదీ లేదని ఊరూరా తిరిగి చెప్పినదాన్ని నేనే కదా... అయినా నీకు కాక ఇంకెవరికి రాసుకోను? నువ్వు వెళ్లిపోయి ఏడాది దాటింది. ఏటా నువ్వు తీసుకెళ్లే యాత్ర బస్సు నిరుడు కదల్లేదు. ఈ మార్గశిరంలో కదిలింది. పూరీ దాకా వెళ్లి, తిరిగొచ్చింది కూడా. తీసుకెళ్లింది నేను.

నవ్వకు.

గుడి మెట్టెక్కని మనిషి, తెనాలిలో మూఢనమ్మకాలమీద ఏ సభ జరిగినా మొదట పిలిచే మనిషి, నీ ఆడపడుచు, యాత్ర బస్సులో ముందుసీట్లో కూర్చుని, దిగినవాళ్లంతా ఎక్కారో లేదో చూసి, విజిల్ ఊదింది. అన్నయ్య రేపల్లె బస్టాండులో నన్నలా చూసి మొహం పక్కకు తిప్పుకున్నాడు. నవ్వాడో, ఏడ్చాడో... నేను అడగలేదు.

ఎందుకు వెళ్లానో చెప్తాను. భక్తి పుట్టి కాదు. కోపం వచ్చి.

నువ్వు పోయాక బాపట్లలో విశాలాక్షమ్మ గారి వరండాలో నీ బస్సువాళ్లందరూ కూర్చున్నారు. యాత్ర ఆగకూడదన్నారు. బాగానే ఉంది. సాంబశివరావు గారు రిటైరై ఖాళీగానే ఉన్నారు కాబట్టి బాధ్యత తను తీసుకుంటానన్నారు. అదీ బాగానే ఉంది. ఆ తర్వాత నెమ్మదిగా, కాఫీలో పంచదార కలిపినట్టు, రెండు మార్పులు కలిపారు. భట్టిప్రోలు దిబ్బ, తొట్లకొండ, ధౌలి లాంటి బౌద్ధం చోట్లు తీసేద్దాం, రాళ్లూ ఇటుకలూ చూడ్డానికి అంత దూరం దేనికన్నారు. వంటకు రత్తమ్మ వద్దు, మనవాళ్లెవరినైనా పెట్టుకుందామన్నారు.

మనవాళ్లట! ఇన్నేళ్లు నీ గుండిగ దించిన రత్తమ్మ ఎవరి మనిషి?

ఎందుకు వద్దంటే ఎవరూ నోరు విప్పరు. ఒకాయన మాత్రం గొంతు తగ్గించి, ఆమెది స్టూవర్టుపురం కదమ్మా అన్నాడు. ఎప్పుడో తెల్లదొరలు ఒక ఊరు ఊరంతటికీ దొంగలని ముద్ర వేసి పోతే, దొరలు ఓడెక్కి వెళ్లిపోయారు గానీ ముద్ర మాత్రం వీళ్ల వరండాల్లో భద్రంగా ఉంది. మాటకు ముందు దేశభక్తి చెప్పే మనుషులు, దొర మాటను మాత్రం ఇంకా దాటరు!

నేను లేచాను. ఎంతసేపు మాట్లాడానో తెలీదు. కూర్చునేసరికి వరండా సగం ఖాళీ అయింది. నీ మాట గుర్తొచ్చింది. "ఏమే మైకూ... వాదించావనుకో, ఎదుటి మనిషి లేచిపోతాడు. వడ్డించావనుకో, కూర్చుంటాడు."

సరే వదినా, లేచిపోయారు. పోనీ. మిగిలినవాళ్లతో నేనే తీసుకెళ్తానన్నాను. రత్తమ్మ వండుతుంది, అందరూ ఒకే వరసలో కూర్చుని తింటారు, నువ్వు చూపించిన చోట్లన్నీ చూస్తాం, ఒక్కటీ తగ్గదు అని ఆ వరండాలోనే చెప్పి వచ్చాను.

విశాలాక్షమ్మ గారు లేచిపోలేదు. బస్సూ ఎక్కారు. పూజారి గారి భార్యగా బతికి, ఆయన పోయాక కూడా మడి వదలని మనిషి, నీ చిన్ననాటి స్నేహితురాలు... ఆవిడ అటుకుల డబ్బా, పెరుగు గిన్నె, అరటిపళ్ల గెల ఎప్పటిలాగే వెంట తెచ్చుకున్నారు. ఇన్నేళ్లూ నీ బస్సులో తిరిగి, నీ వరసలో ఒక్కసారీ కూర్చోని మనిషిని నువ్వెలా భరించావు? అడిగితే ఏమనేదానివి... "ఆకలేసినప్పుడు వస్తుందిలే."

రత్తమ్మ సంగతి విను. బస్సు ఎక్కగానే కొందరు సూట్‌కేసులకు గొలుసులు కట్టి తాళాలు వేసుకోవడం చూసింది. చూసి, డ్రైవర్ని కేకేసి, తమ్ముడూ నా గుండిగక్కూడా ఒక గొలుసు కట్టరా, వీళ్లను చూస్తే నాకూ భయంగానే ఉంది అంది. వెనక సీట్లోంచి ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వుతోనే మన ప్రయాణం మొదలైంది.

బియ్యం సంచి నువ్వు పెట్టిన చోటే, డ్రైవరు వెనక పెట్టాను. ఎక్కే ప్రతి మనిషీ ఇంటినుంచి గిద్దెడు బియ్యం తెచ్చి అందులో పోయాలన్నది నీ రూలు కదా. పాతబియ్యం, కొత్తబియ్యం, రేషను బియ్యం, దంపుడు బియ్యం, అన్నీ ఒకటే సంచి. పోశాక ఏది ఎవరిదో బ్రహ్మకైనా తెలీదని నీ ధీమా. బ్రహ్మ లేడు గానీ, మాట నిజమే. విశాలాక్షమ్మ గారు మాత్రం సంచి పక్కనుంచి కొంగు దగ్గరకు లాక్కుని వెళ్లి కూర్చున్నారు. అదీ ఎప్పటిలాగే.

భట్టిప్రోలులో దిగాం. దిబ్బ చుట్టూ ఒక్కళ్లూ సణక్కుండా తిరిగారు. నీ గొంతే వినపడింది నాకు. "ఇంటిపక్క బుద్ధుణ్ణి చూడనోళ్లు, ఎక్కడో ఉన్న దేవుణ్ణి ఏం చూస్తారే?" రేపల్లె రైల్లో ఎన్నిసార్లు ఆ ఊరు దాటి తెనాలి వచ్చానో... దిగి చూసింది మాత్రం ఇదే మొదలు.

మొదటి వంట తొట్లకొండ కింద, సముద్రం ఒడ్డున. కొండమీద భిక్షువులు వాననీళ్లు పట్టుకోవడానికి రాతిలో తొలిచిన తొట్లు చూసి దిగేసరికి రత్తమ్మ గుండిగ దించుతోంది. ఎన్ని ఎసరులు పెట్టినా ఆ కలిపిన బియ్యం ఒకేలా ఉడకదు కదా... సగం మెత్తగా ముద్దైపోయింది, సగం పలుకు. కొత్తగా వచ్చినవాళ్లు మొహం చిట్లించారు. నేనే రత్తమ్మ మీదికి వెళ్లబోయాను. ఆమె గరిటె అడ్డం పెట్టి, ఇది అమ్మగారి అన్నం, ఇట్టాగే ఉండాలి అంది. అప్పుడు నీ ఇంకో మాట గుర్తొచ్చింది. "అందరూ ఒక్కసారే ఉడకరే. పలుకు తగిలిందని గుండిగ పారబోస్తామా?"

నేను తిన్నాను. పంటికింద నీ పలుకు తగులుతూనే ఉంది.

విశాలాక్షమ్మ గారు బస్సు మెట్టుమీద కూర్చుని, సముద్రం వైపు తిరిగి అటుకులు తింటున్నారు. నేను ఊరుకోలేదు. ఊరుకోవడం నాకు చేతకాదని నీకు తెలుసు. వెళ్లి పక్కన నిలబడి చెప్పాల్సిందంతా చెప్పాను. ఆవిడ అటుకులు నమలడం ఆపకుండా విని, నువ్వు చెప్పిందంతా నిజమే అమ్మాయ్, అయినా దిగట్లేదు గొంతులో అన్నారు. అబద్ధం ఆడినా బాగుండేది. నిజం ఒప్పుకుని కూడా కదలని మనిషితో ఏం వాదించను?

ఇక పూరీ...

ఇది రాయడానికే కూర్చున్నాను వదినా. మిగతాదంతా దీనికి ముందుమాట.

బస్సు దూరంగా ఆపి, ఆ పెద్ద వీధిలో నడుచుకుంటూ వెళ్లాం. గుడి ముందు బోర్డు ఉంది, లోపలికి హిందువులకే ప్రవేశమని. రత్తమ్మ ఆదివారం చర్చి మానని మనిషి, మెడలో చిన్న సిలువ. ఎవరూ ఏమీ అనకముందే ఒక కొట్టు అరుగుమీద చెప్పులు పక్కనపెట్టి చతికిలబడింది. మిగతావాళ్లు చెప్పులు విడిచి లోపలికి వెళ్లారు. నేను మాత్రం, ఈమెను రానివ్వని చోటికి నేనూ రానని, కాస్త గట్టిగానే, నలుగురికీ వినపడేలా అన్నాను. నాకెలాగూ దర్శనం అక్కర్లేదు, కాబట్టి నేను చేసిన త్యాగమేమీ లేదులే.

రత్తమ్మ పక్కకు జరిగి చోటిచ్చింది. ఇచ్చి, ఇది అమ్మగారి చోటు, కూర్చోండి అంది.

నాకు అర్థం కాలేదు.

అప్పుడు చెప్పింది. తను వంటకు రావడం మొదలుపెట్టినప్పటినుంచి నువ్వు ఆ గుడి లోపలికి వెళ్లలేదని. అందరినీ లోపలికి పంపి, మోకాళ్లు నొప్పులే మీరు వెళ్లిరండి అని చెప్పి, ప్రతి ఏడూ ఆ అరుగుమీదే ఆమె పక్కన కూర్చున్నావని. లోపలికి రాలేనివాళ్ల కోసం సింహద్వారంలోనే పతితపావనుడి పేరుతో జగన్నాథుడు ఉంటాడట కదా... వీధిలోంచే ఆయనకు దణ్ణం పెట్టుకునేదానివట. ఆమె వెళ్లండి అమ్మా అని ఎంత బతిమాలినా, "ఆయనే బయటికొచ్చి కూర్చుంటే నాకు లోపలేం పనే?" అనేదానివట.

వదినా! మోకాళ్ల నొప్పులా? తొట్లకొండ ఎవరికంటే ముందు ఎక్కేదానివి నువ్వు!

జన్మంతా పూరీ పూరీ అని కలవరించిన మనిషివి. పూజగదిలో జగన్నాథుడూ, అన్నా, చెల్లెలూ ఉన్న ఆ పటానికి పువ్వు పెట్టనిదే కాఫీ ముట్టని మనిషివి. అంత దూరం వెళ్లి, గుమ్మం ముందు కూర్చుని, లోపలికి వెళ్లలేదు. ఒక్కరికీ చెప్పలేదు. నాకెందుకు చెప్పలేదు? చెప్తే మర్నాడే దానిమీద వ్యాసం రాసేదాన్ననా? రాసేదాన్ని. నిన్ను ఒక ఉదాహరణ చేసి, రత్తమ్మను ఇంకో ఉదాహరణ చేసి, సభల్లో చప్పట్లు కొట్టించేదాన్ని... అందుకేనా చెప్పలేదు?

నీ దేవుడితో నాకు రాజీ లేదు. ఆ బోర్డుతో అసలే లేదు. కానీ ఆ అరుగుమీద నీ చోట కూర్చుని ఎదురుగా చూస్తే, నువ్వు చూసిందేదో నాకూ కాస్త కనపడింది. దేవుడు కాదు. నువ్వే.

ఇంతలో విశాలాక్షమ్మ గారు బయటికొచ్చారు. చేతిలో మహాప్రసాదం కుండ, విస్తరాకు. మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చి, ఆ వీధి దుమ్ములోనే మఠం వేసుకుని కూర్చున్నారు. ఆకు పరిచి, కుండలోంచి అన్నం తీసి, మొదటి ముద్ద రత్తమ్మ చేతిలో పెట్టారు. తర్వాత అదే ఆకులోంచి తనూ తిన్నారు. ఆ అన్నానికి ఎంగిలి లేదు, కులం లేదు, ఎవరి చేతినుంచైనా ఎవరైనా తినాలి, అది అక్కడి ఆచారం. నాకు నాలుక దురద పుట్టింది. ఏదో అనబోయాను. ఆవిడ నా నోట్లోనూ ఒక ముద్ద పెట్టేశారు.

తిన్నాను వదినా. అది అన్నం. అన్నంతో నాకే తగువూ లేదు.

అంతా మారిపోయిందనుకున్నావా? నేనూ అనుకున్నాను. మర్నాడు ధౌలిలో, కొండరాతిలోంచి సగం బయటికొచ్చిన ఏనుగు దగ్గర వంట చేసుకుంటే, విశాలాక్షమ్మ గారు మళ్లీ అటుకుల డబ్బా తెరిచారు! నిన్న ఆకు, ఇవాళ డబ్బా. నేను బద్దలయ్యాను. నిన్న లేని ఎంగిలి ఇవాళ ఎక్కణ్ణుంచి వచ్చిందని బస్సంతా వినేలా అడిగాను. అక్కడ స్వామి ఉన్నాడమ్మాయ్, ఇక్కడ మనమే కదా ఉన్నాం అన్నారావిడ. అదేనండీ నా బాధ, మనం చాలమా అన్నాను.

ఆవిడ అటుకుల్లో పెరుగు కలుపుకున్నారు.

రత్తమ్మ గరిటె గుండిగకేసి కొట్టింది. నా గురించి గొడవ, నా ఎదురుగానే, నన్నొక్క మాట అడక్కుండా ఏంటమ్మా ఇది అని నన్నే దులిపేసింది. నేను తగ్గలేదు. ఇది నీ ఒక్కదాని గురించి కాదు రత్తమ్మా, నేను తినే అన్నం గురించి కూడా అన్నాను. అదీ నిజమేలే, కానీ అన్నం చల్లారిపోతోంది, ముందు తినండి అంది.

అక్కడి రాతిమీద అశోకుడు మనుషులంతా నా బిడ్డలేనని చెక్కించాడని చెప్తే, విశాలాక్షమ్మ గారు, అంతమందిని చంపాక గుర్తొచ్చారా బిడ్డలు అన్నారు. ఆ ఒక్క మాటతో మాత్రం నాకు పేచీ లేదు.

తిరుగు ప్రయాణంలో బాపట్లలో ఆవిడ ఇంటి దగ్గర దిగిపోయారు. మిగిలిన బియ్యం సూర్యలంక ఒడ్డున వండుకుని విడిపోవాలన్న నీ చివరి రూలు ఉంది కదా, మేం అక్కడికి వెళ్లాం. రత్తమ్మ బియ్యం కడగబోతుండగా ఆటో వచ్చి ఆగింది. విశాలాక్షమ్మ గారు. చేతిలో గిద్దె, నిండా బియ్యం. వచ్చి, మా అందరి బియ్యంలో పోసేశారు. నేను తినలేను అమ్మాయ్, నన్నిప్పుడేం అడక్కు, నా బియ్యాన్ని మాత్రం వీటితో ఉడకనీ అన్నారు.

నోరు తెరిచాను. ఇది చాలదని చెప్పడానికే తెరిచాను. చాలదు కూడా. కానీ వడ్డిస్తే కూర్చుంటాడన్న నీ మాట అడ్డం వచ్చింది... మాట మింగి, అన్నం ఉడికాక గరిటె ఆవిడ చేతిలో పెట్టాను. తినలేకపోతే వడ్డించండి అన్నాను.

వడ్డించారు. ఆ చివరనుంచి ఈ చివరదాకా, ఇసకలో పాదాలు కూరుకుపోతుంటే, మెల్లగా వడ్డించారు. వరస చివర రత్తమ్మ. ఆమె ఆకులో వడ్డించి, పలుకుగా ఉందేమే అని అడిగారు. ఇట్టాగే ఉండాలండి అంది రత్తమ్మ.

ఆవిడ ఇంటికెళ్లి తలస్నానం చేసి ఉంటారు. చేయనీ.

ఇది గెలుపని నేను రాసుకోను. నువ్వైతే ఏమనేదానివి? పలుకు అనేదానివా? సరే, పలుకే. కానీ ఎప్పటికీ పలుకుగానే ఉంటానంటే ఒప్పుకోను. నువ్వు వడ్డించి ఊరుకునేదానివి. నేను వడ్డించి, తర్వాత వాదిస్తాను. అంతవరకే నీ మాట వింటాను.

సాంబశివరావు గారు వచ్చే ఏడు వేరే బస్సు పెడతారట. పెట్టుకోనీ. మన బస్సు కూడా కదులుతుంది. భట్టిప్రోలులో ఆగుతుంది. రత్తమ్మే వండుతుంది. పూరీలో ఆ కొట్టు అరుగుమీద ఆమె పక్కన నేను కూర్చుంటాను. దణ్ణం పెట్టను వదినా, అది మాత్రం అడక్కు. కానీ ఆ బోర్డు ఉన్నన్నాళ్లూ, నాకు ఓపిక ఉన్నన్నాళ్లూ, నీ చోటు ఖాళీగా ఉండనివ్వను.

నీ
మైకు