తువ్వాలు వైపు ఈదిన ఎలుకలు

జూన్ 3
కంపెనీ మా ల్యాబ్‌కు పంపిన జ్ఞాపకశక్తి మందు పనిచేస్తోంది. రాయడానికే సిగ్గుగా ఉంది. ఇరవయ్యేళ్ళుగా మూలికల వ్యాపారాన్ని కరపత్రాల్లో ఉతికి ఆరేసినదాన్ని. కానీ పాలపొడి కలిపిన నీళ్ళ తొట్టెలో, ఎక్కి నిలబడడానికి నీటిమట్టం కింద దాచిన అరుగును ఆకురసం తాగిన ఎలుకలు పదకొండు సెకన్లలో పట్టేస్తున్నాయి. ఉత్తనీళ్ళు తాగినవాటికి నలభై. గ్రాఫ్ అబద్ధమాడదు కదా.

జూన్ 5
అక్కకు ఆకురసం ఒక సీసా ఇచ్చాను. ఫిట్స్ మాత్రలు మొదలైనప్పటి నుంచి కొలతలు మరచిపోతోంది. టైలర్ కొలతలు మరచిపోతే ఇంకేం మిగిలింది? నువ్వు ఇస్తే విషమైనా తాగుతానే అని నవ్వింది.

జూన్ 19
అక్క ఫోన్. ఎనిమిదేళ్ళ కిందటి కస్టమర్ భుజం కొలత టక్కున చెప్పేసిందట. మురిసిపోయాను.

జూన్ 24, ఉదయం 10
ల్యాబ్ ఆయమ్మ సెలవు. ఆకురసం ఎలుకల్ని నేనే తొట్టెలో వదిలాను. ఒక్కదానికీ అరుగు దొరకలేదు. దిక్కు తెలియక గిరగిరా ఈదాయి.

మధ్యాహ్నం 1
అర్థమైంది. ఆకురసం బ్యాచ్ ఎప్పుడూ ఆయమ్మది. ఎలుకను తుడవడానికి తువ్వాలు పట్టుకుని అరుగు పక్కనే నిలబడుతుంది. మూడు నెలలుగా అవి ఆమె వైపు ఈదుతున్నాయి! ఉత్తనీళ్ళ బ్యాచ్ నాది. నేను గడియారం దగ్గర మూల కూర్చుంటాను. మార్కులు మనిషికొచ్చాయి, మందుకు కాదు. దీన్ని సీసాల్లో పోసి పిల్లల పరీక్షలకూ ముసలివాళ్ళ మతిమరుపుకూ అమ్ముతారు.

ప్రొఫెసర్ మీద అరిచాను. సోమవారం ఆయమ్మ వచ్చేస్తుందిగా, ఎందుకమ్మా ఈ రంకెలు అన్నాడు. కంపెనీకి రిపోర్టు వెళ్ళిపోయిందట.

మరి అక్కకు గుర్తొచ్చిన కొలత?

సాయంత్రం 6
అక్క ఇంటికి పరిగెత్తాను. నీ మందు వచ్చిన రోజే ఆ పాడు మాత్రలు మానేశానే అంది, హాయిగా. మాత్రల మత్తు దిగింది, అందుకే గుర్తొచ్చింది, రసం వల్ల కాదు అని మొత్తుకున్నాను. నా బుర్ర బాగుపడితే నీకు కుళ్ళేమిటే అంది. మాత్ర చేతిలో పెడితే కిటికీలోంచి విసిరేసింది.

జూన్ 27
అక్క కుట్టుమిషన్ మీదే ఫిట్స్ వచ్చి పడింది. సూది అరచేతిలో దిగింది. ఆసుపత్రిలో ఉన్నాం. మాత్రలు ఎవరు మాన్పించారని డాక్టరమ్మ గద్దించింది. అక్క నా పేరు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. కంపెనీని ఉతకాలని కాగితం తీశాను. సీసా అందించిన చెయ్యి కంపెనీది కాదు.

జూలై 4
అక్క మాత్ర నోట్లో వేసుకుంది. నోరు తెరిచి చూపించమన్నాను. నన్నే చూస్తూ కూర్చుంది. తెరవలేదు.