ముడుచుకున్న ఎనిమోన్

దుర్గా,

పొద్దున నువ్వు పంపిన ఫొటో చూశాను. "అక్కా, అక్వేరియంలో ఎనిమోన్ ముడుచుకుపోయింది, సచ్చిపోయిందేమోనని బయ్యమేత్తంది" అన్నావు. ఫోన్లో జవాబిస్తే మీ అరబ్బు యజమానురాలు మామా కంటపడుతుందని కాయితం మీద రాసి, ఇటు వచ్చిన మీ డ్రైవర్ సిరాజ్ చేతికిస్తున్నాను.

అది చావలేదు. పువ్వులా కనిపించే ఆ సముద్రపు ప్రాణి పాదం ఇంకా రాయిని పట్టుకునే ఉంది. లోపలి మురికి కక్కేసేటప్పుడు అది పిండిన గుడ్డలా అయిపోతుంది. చచ్చినదైతే మూత తీయగానే కుళ్లు కంపు కొట్టేది. ముట్టుకోకు, మేత వేయకు. సాయంత్రానికి విచ్చుకుంటుంది.

ఇదేమీ నీకు తెలియనిది కాదు. మామాను బతిమాలి నీకు వీసా తెప్పించిన కొత్తలో, అది ముడుచుకుంటే కేకలేశావు. నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని, విచ్చుకునేదాకా చూపించాను. మరి మొన్న రంజాన్ ముందు అలాగే ముడుచుకుంటే, ఫొటో తీసి "అక్క చంపేసింది మామా" అని ఎందుకు చూపించావు? మామా సాయంత్రం దాకా ఆగలేదు. "ఖలాస్, ఇక నీకిక్కడ పని లేదు" అంది. నా పెట్టె సర్దింది నువ్వే.

తీరా అది విచ్చుకున్నాక, "నీళ్లు మార్చి నేనే బతికించాను మామా" అని చెప్పావట. సిరాజ్ చెబితే తెలిసింది.

ఈలోగా మామా చూస్తే, సాయంత్రం దాకా ఆగమని చెప్పుకో. ఆగుతుందని నేననుకోను. ముడుచుకుందంటే ఎవరో చంపినట్టేనని ఆవిడకు నేర్పింది నువ్వే.

రిగ్గై పేట నుంచి,
మీ పెద్దమ్మ కూతురు