గాయపాకు పంపమని

కుందలహళ్ళి, ఆదివారం

అమ్మా, నేను కులాసా. ఫోన్లో అయితే మళ్ళీ కోప్పడతానని కార్డు రాస్తున్నాను.

ల్యాబులో నేను తయారుచేసిన కొత్త మందును కాగితం బిళ్ళకు అద్ది, సూక్ష్మజీవులు పెంచే పళ్ళెంలో పెట్టాను. మరునాటికి బిళ్ళ చుట్టూ అవి చచ్చి, తేటగా ఒక వలయం ఏర్పడింది. నా ఆనందం చూసి మా సీనియరు భవ్య, "మందు కరిగించిన ద్రావకం ఒక్కటే పెట్టి చూసినావా అప్పా?" అంది. ఓర్వలేక అంటున్నావని అరిచాను. "నువ్వు అరిస్తే అవి చస్తాయా? పెట్టి చూడు" అంది. పెట్టాను. ఒట్టి ద్రావకం చుట్టూ కూడా అంతే వలయం వచ్చింది. అయితే నా మందు అసలు ఏం చేసినట్టు? అదే ఇప్పుడు వెతుకుతున్నాను.

నాయన కాలిపుండుకు నువ్వు గాయపాకు రసం పిండుతున్నావని మొన్న మూఢనమ్మకమంటూ తిట్టాను. ఆ ఆకును నేను ఎన్నడైనా పరీక్షించానా? కరపత్రాల్లో చదివిన మాట నీ మీద విసిరాను, అంతే. ఆకు నీడన ఆరబెట్టి కవరులో పంపు. ఇన్నాళ్ళూ రసం పిండాక చీము తగ్గిందో పెరిగిందో రాయి.

నాయన మాత్రలు మానేశాడని చెల్లెలు స్వప్న చెప్పింది. నొప్పి తగ్గినా డాక్టరిచ్చినవన్నీ మింగాల్సిందే. రసం పిండటం ప్రస్తుతానికి ఆపు. స్వప్నకు కళ్ళద్దాలు మార్పించారా?

నా మందుకు పెట్టిన పరీక్షే నీ ఆకుకూ పెడతాను, ఏది తేలినా దాచకుండా రాస్తాను. అది తేలేలోపు మనిద్దరి పంతానికి నాయన కాలు బలి కాకూడదు.

అందరికీ దండాలతో,
ఓబులేశు