వజ్రాల చేలో దొరికిన కడియం

నాయనా,

రాత్రి గట్టి వాన పడింది. నువ్వు కాలం చేశాక ఇదే తొలి వాన. చేలో పదును ఉంది కానీ వేరుశనగ బుడ్డల విత్తనం ఇంకా రాలేదు. పని లేదని తమ్ముడు ఓబులేసూ నేనూ, ఏటా నువ్వు పోయినట్టే, పొద్దున్నే వజ్రకరూరు చేలకు వజ్రాలు వెదకడానికి పోయాం.

వజ్రం దొరకలేదు. వాన నీళ్లకు గట్టు కోసుకుపోయిన చోట ఒక పాత కుండ పగిలి ఉంది. అందులో మన్ను, సన్నటి ఎముకలు, పసిబిడ్డ చేతికి పట్టేంత రాగి కడియం ఉన్నాయి. పక్కన వెదుకుతున్న పామిడి ఊరి మనిషి చూసి, "శానా పాతదప్పా, కొనేటోళ్లు ఉండారు" అన్నాడు.

ఓబులేసు కడియం జేబులో వేసుకున్నాడు. "నాయన జన్మంతా వెదికి ఉత్త రాళ్లే తెచ్చినాడు. మనకు దొరికిందాన్ని ఎట్ల ఇడుస్తామక్కా?" అన్నాడు. నేనూ వద్దనలేదు.

ఇంట్లో అమ్మ కుండ, ఎముకల సంగతి విని, కడియాన్ని కొంగుతో తుడిచి చూసింది. నేను పుట్టకముందు పోయిన అక్క సంగతి ఎత్తింది.

"తిండికి లేని రోజుల్లో కూడా మీ నాయన పెద్దపాప కడియం తీయనీలేదు. చేతికి ఉండంగనే పూడ్చినాడు. ఇది ఏ నాయన పెట్టిందో. యాడ తీసినారో ఆడనే పెట్టాల."

"వజ్రం దొరికింటే ఇట్లే అంటావామ్మా?" అన్నాడు ఓబులేసు.

"వజ్రాన్ని ఎవురూ ఏడ్చుకుంటా పూడ్చలేదు కదరా."

ఓబులేసు అన్నం తిన్నాడు. తర్వాత పార తీసుకుని మూడింటి బస్సుకు మళ్లీ ఆ చేలకే పోయాడు. కడియం కొంగున ముడేసుకుని అమ్మ కూడా వాడి వెంట పోయింది.