నీలి పొగ

మార్చి 8

పెదనాన్నకు,

నమస్కారాలు. ఈ నెల పద్దెనిమిదిన మా మ్యూజియంలో మన కారును జనం ముందు స్టార్ట్ చేస్తారు. దాని చరిత్ర నా సంతకంతో పక్కన గోడమీద ఉంటుంది. అందులో ఒక వాక్యం అబద్ధమని నాకు నిన్నగాక మొన్న తెలిసింది. అందుకే ఇప్పుడు రాయక తప్పలేదు. నా పలక మీద నాతోపాటు నువ్వూ నేర్చుకున్న అక్షరాలే కదా అని పెద్దగా, విడివిడిగా రాస్తున్నాను. ఎవరిచేతా చదివించుకోకు.

నేను బాగానే ఉన్నాను. మ్యూజియంలో నాకంటూ ఒక బల్ల ఇచ్చారు. అమ్మకు చెప్పు, సంతోషిస్తుంది.

కారు పోయిన వారం వచ్చింది. వెనక సీటు నుంచి డ్రైవరు చెవిదాకా వెళ్ళే మాటల గొట్టం అలాగే ఉంది. చిన్నప్పుడు అందులో నోరు పెట్టి, డ్రైవర్, బడికి పోనీ అని నేను హుకుం వేస్తే, కారు గలావిడ చూసుకోమని నీకు అప్పగిస్తే నీ షెడ్డులో కదలకుండా నిలబడ్డ కారు స్టీరింగు తిప్పుతూ, చిత్తం ఇంజనీరమ్మగారూ, దారికి గేదెలు అడ్డొచ్చాయి అనేవాడివి.

మామూలు ఇంజనులో వాల్వులు టకటక కొట్టుకుంటాయని, దీనికి అవే లేవని నాకు మొదట చెప్పింది నువ్వే. రెండు స్టీలు గ్లాసులు ఒకదాంట్లో ఒకటి దూర్చి, పిస్టను చుట్టూ గొట్టాలు ఇలా జారుతాయని, వాటి కిటికీల్లోంచే ఇంజను ఊపిరి పీలుస్తుందని చూపించావు. అందుకే చప్పుడుండదు, కానీ నూనె తెగ తాగుతుంది, నీలిపొగ వదులుతుంది. నేను ముక్కు మూసుకుంటే, గొప్పోళ్ళ కారమ్మా, చుట్ట కాలుస్తోంది అన్నావు. ఆ కంపెనీ ఇలాంటివి తొమ్మిదే చేసి మూతపడిందని, మిగిలినవి మూడేనని నేను తర్వాత పుస్తకాల్లో చదువుకున్నాను. మూడింట్లోనూ పుట్టుకతో వచ్చిన ఇంజను ఉన్నది మనదొక్కదానికే. అందుకే కారు గలావిడ దాన్ని మ్యూజియానికి ఇస్తానంటే మావాళ్ళు అంత సంబరపడ్డారు.

చరిత్ర రాసేముందు నీకు ఫోను చేసి అడిగాను. ఇంజను పాతదేనా అంటే, దాని గుండె మార్చడానికి నాకు చేతులెలా వస్తాయే పిచ్చిదానా అని కసిరావు. కారు వచ్చాక బానెట్ తీసి చూసి రాయమని మా పెద్దసారు అంటే, మా పెదనాన్న చెప్పాక ఇక చూసేదేముంది అన్నాను.

మొన్న ఇక్కడి మెకానిక్కు స్టార్ట్ చేశాడు. టకటకటక. పొగ లేదు. ఏమ్మా, దీనికి నోరు లేదని రాశావు, మా ఆవిడకంటే ఎక్కువ మాట్లాడుతోందే అని నవ్వాడు. నేనూ నవ్వాను. అతను టీకి వెళ్ళాక బానెట్ కిందికి వంగి చూశాను. అదే కంపెనీ చౌకరకం, వాల్వుల ఇంజను. దానిమీద మన ఇంజను నంబరున్న ఇత్తడి బిళ్ళ. రివెట్లు తీసేసి నాలుగు స్క్రూలు బిగించారు. నాలుగింటి గాట్లూ నిలువుగా, సైనికుల్లా నిలబడి ఉన్నాయి. అలా నిలబెట్టందే స్క్రూడ్రైవరు కిందపెట్టని మనిషి నాకు ఒక్కరే తెలుసు.

ఇంకెవరైనా నిన్ను మోసం చేశారేమోనని అనుకోవడానికి కూడా వీల్లేకుండా చేశావు.

మన ఇంట్లో అంతకుముందు అందరివీ వేలిముద్రలే. సంతకం నేర్చిన మొదటి చెయ్యి నాది. ఆ చేతి సంతకాన్ని తీసుకెళ్ళి ఆ బిళ్ళ కింద పెట్టించావు.

నీ
ఇంజనీరమ్మ

తా.క. ఉత్తరం మడిచాక మనసు ఆగలేదు. ఇవాళ మధ్యాహ్నం బస్సెక్కి షెడ్డుకు వచ్చాను. నువ్వు లేవు. పెద్దమ్మ తాళం తీసింది. అసలు ఇంజను గోనెపట్టాల కింద ఉంది. మూడో సిలిండరు గొట్టం నిలువునా చీలింది. చాలాకాలం ఆపిన ఇంజనులో ముందు నూనె పొయ్యకుండా తిప్పితేనే అలా అవుతుంది. ఆ పొరపాటు నువ్వు చేసేది కాదు. ఏమైందని పెద్దమ్మను అడిగితే, ఏమోనే, నువ్వు పట్టా తీసుకుని వచ్చిన రోజు నిన్ను స్టేషను నుంచి ఆ కారులో దొరసానిలా తెస్తానని తెల్లచొక్కా వేసుకుని పరిగెత్తాడు, తర్వాత మూడురోజులు అన్నం సరిగా తినలేదు అంది. ఆ రోజు నువ్వు సైకిలు మీద వచ్చావు. బ్యాటరీ పడుకుందన్నావు. నేను వెనక కూర్చుని నవ్వుతూనే ఉన్నాను.

అది విరిగినందుకు కాదు పెదనాన్నా నా కోపం. నాకోసం విరిగినదాన్ని నాకే చెప్పకుండా, నాచేతే కప్పించావు.

పదహారున కారు గలావిడకు, పెద్దసారుకు నిజం చెప్పేస్తాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. కానీ ముందు నీ నోట వినాలి. పదిహేనో తారీకులోపు జవాబు రాయి. తప్పులున్నా ఫరవాలేదు, నీ చేత్తోనే రాయి.